వార్డు బయటి మనుషులకు ప్లానులో చోటేది?

హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో ఒక మంచం నిండిందంటే దాని వెంట ఇద్దరు ముగ్గురు మనుషులు వచ్చినట్టే. వికారాబాద్ నుంచో, నారాయణపేట నుంచో, సరిహద్దు దాటి బీదర్ నుంచో వచ్చి ఉంటారు. ఒకరు వార్డులో రోగి దగ్గర ఉంటారు. ఇంకొకరు చీటీలు పట్టుకుని మందుల కౌంటరుకూ ల్యాబుకూ తిరుగుతుంటారు. మూడో మనిషి బయట మూటల దగ్గర కాపలా. మంచాల లెక్క ఆసుపత్రి రికార్డుల్లో పక్కాగా ఉంటుంది. ఈ మూడో మనిషి మాత్రం ఏ లెక్కలోకీ రాడు. ప్లాస్టిక్ చాప, స్టీలు క్యారియరు, దుప్పటి, నీళ్ల సీసా సర్దుకునే జాగా దొరికితే ఆ పూటకు అదే ఇల్లు. అది చెట్టు కింద కావచ్చు, ప్రహరీ పక్కన కావచ్చు, ఏదో షెడ్డు చూరు కింద కావచ్చు. అవేవీ దొరక్కపోతే గేటు బయటి ఫుట్‌పాతే గతి.

ఇళ్లు, వీధులు, ఆసుపత్రులు బాగా కడితే సమాజం బాగుపడుతుందా అని సదస్సుల్లో తరచూ చర్చ జరుగుతుంటుంది. పెద్ద తెరల మీద అద్దాల మేడలు, నదీ తీరాల ఊహాచిత్రాలు మెరుస్తుంటాయి. ఆ చర్చను ఒక్క రోజు ఉస్మానియా ఉన్న అఫ్జల్‌గంజ్‌కు తీసుకొస్తే బాగుండు. ఇక్కడ వాస్తుశిల్పాన్ని తూచడానికి ఒక సులువైన కొలత దొరుకుతుంది. ఆగి ఉండక తప్పని మనిషికి ఆ కట్టడం ఏమిచ్చింది? నీడ ఇచ్చిందా, నడుం వాల్చే చోటు ఇచ్చిందా, ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగలిగే మరుగుదొడ్డి ఇచ్చిందా, వాన పడితే కాళ్ల కిందికి నీళ్లు రాకుండా చూసిందా?

ఎందుకంటే అఫ్జల్‌గంజ్ ఆగి ఉండేవాళ్ల పేట. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వర్తకులకు ఇచ్చిన స్థలంలో పుట్టిన గంజ్ ఇది. ఆయన 1857 నుంచి 1869 దాకా పాలించాడు. ఆనాటి ధాన్యం బస్తాల స్థానంలోకి తర్వాత ఎన్ని సరుకులు వచ్చినా హోల్‌సేల్ బేరం మాత్రం పోలేదు. పక్కనే బేగంబజార్, ఉస్మాన్‌గంజ్, సిద్దిఅంబర్ బజార్. లారీ వచ్చేదాకా హమాలీలు తోపుడు బండ్ల మీదే కునుకు తీస్తారు. రోడ్డు మీద సిటీ బస్సు కోసం గుంపు. కొంచెం అవతల మహాత్మాగాంధీ బస్‌స్టేషన్, అంటే ఎంజీబీఎస్‌లో జిల్లా బస్సుల కోసం ఇంకో గుంపు. స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని చూస్తూ పుస్తకాల మీద వంగిన నిరుద్యోగులు. ఇంతమంది ఇన్ని రకాలుగా వేచి ఉండే పేట నగరంలో ఇంకోటి చూపించడం కష్టం.

ముందు ఆసుపత్రి సంగతే చూద్దాం. ఇప్పుడు వారసత్వ భవనం అంటున్న ఉస్మానియా పాత బ్లాకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో లేచింది. రూపశిల్పి విన్సెంట్ ఎష్. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించి వచ్చినవాడు. మూసీ నదికి అవతలి ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఇటు కాచిగూడ రైల్వేస్టేషన్ కూడా ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఫొటోలు తీసేవాళ్లంతా గుమ్మటాల మీదే కెమెరా పెడతారు. ఎష్ పనితనం గుమ్మటాల్లో కన్నా వాటి కింద ఎక్కువ కనిపిస్తుంది. తల ఎత్తి చూడాల్సినంత ఎత్తు పైకప్పులు, మందపాటి గోడలు, ఎండను గది దాకా రానివ్వని వరండాలు. మే నెలలో రోడ్డు మీంచి ఆ వరండాలోకి అడుగు పెట్టిన ఎవరికైనా తేడా ఒంటికే తెలిసేది. వార్డులో చోటు లేని రోగి, రోగి వెంట వచ్చిన మనిషి, ఇద్దరూ ఏళ్ల తరబడి ఆ వరండాలనే నమ్ముకున్నారు.

గాలి, వెలుతురు కూడా మందే అన్నది ఆనాటి వైద్యుల నమ్మకం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ఆసుపత్రుల మీద రాసిన పుస్తకంలో వార్డుకు ఎదురెదురుగా కిటికీలు ఉండాలని పట్టుబట్టింది. ఏసీలు వచ్చాక ఈ తెలివి పాతబడిపోయిందని చాలామంది అనుకున్నారు. అయితే 2011లో ఆఫ్రికాలోని రువాండాలో, బుటారో అనే కొండ ఊళ్లో తెరిచిన జిల్లా ఆసుపత్రి ఆ పాత తెలివినే మళ్లీ పట్టుకుంది. మాస్ డిజైన్ గ్రూప్ అనే సంస్థ దాన్ని రూపొందించింది. క్షయ లాంటి గాలి ద్వారా సోకే జబ్బులు ఎక్కడ అంటుకుంటున్నాయని వాళ్లు ఆరా తీశారు. గాలి ఆడని నడవాల్లో జనం గంటల తరబడి కూర్చునే చోట ప్రమాదం ఎక్కువని తేలింది. దాంతో నడవాలను భవనం బయటికి తెచ్చారు, వార్డుల్లో గాలి కిందనుంచి వచ్చి పైనుంచి పోయేట్టు కిటికీలు పెట్టారు. అక్కడి అగ్నిపర్వత శిలనే స్థానికుల చేత చెక్కించి గోడలు లేపారు. రోగి నిరీక్షించే చోటు మారితే జబ్బు అంటుకునే ముప్పు తగ్గుతుందన్నది అక్కడి లెక్క. వరండాల ఆసుపత్రి మన దగ్గర అంతకు దాదాపు తొంభై ఏళ్ల ముందే ఉంది. మనం దాన్ని నిలుపుకోలేకపోయాం.

నిలుపుకోలేకపోయాం అనడం కాస్త మెత్తని మాట. పెచ్చులూడుతుంటే చూస్తూ ఊరుకున్నారు. గోడల్లో మొక్కలు మొలిచాయి. 2020 జూలైలో, అసలే కరోనా కాలం, భారీ వానకు మురుగునీళ్లు వార్డుల్లోకి వచ్చి మంచాల కిందికి చేరాయి. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ నెలలోనే పాత బ్లాకును ఖాళీ చేయించి తాళం వేశారు. నెపం భవనం వయసు మీదికి పోయింది గానీ, నీళ్లు వచ్చింది గుమ్మటాల్లోంచి కాదు. చుట్టూ నగరం పెరిగినా దానికి తగ్గట్టు మురుగు కాలువ పెరగలేదు. ఆసుపత్రి గోడ లోపలి రూపకల్పన ఎంత గొప్పదైనా, గోడ బయటి నేలను ఎవరూ పట్టించుకోకపోతే ఇలాగే అవుతుంది.

ఈ సంగతి అఫ్జల్‌గంజ్‌కు అందరికన్నా ముందే తెలిసి ఉండాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఇక్కడున్న పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మొత్తం మీద పదిహేను వేల మంది చనిపోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ ఆ వరదకే పోగొట్టుకున్నాడు.

తర్వాత జరిగింది రూపకల్పన చరిత్రలో ఒక మంచి పాఠం. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన మునిగిన పేటల దగ్గర ఆగిపోకుండా నది పుట్టిన వైపు వెళ్లాడు. పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయని లెక్క తీశాడు. ఒకటి తెగితే ఆ నీటి తోపుకు కిందిది తెగింది, అలా వరసగా. అఫ్జల్‌గంజ్‌లో గోడ ఎంత ఎత్తు లేపినా లాభం లేదని, నీటిని పైనే ఆపాలని చెప్పాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులే నగరానికి దశాబ్దాల పాటు తాగునీరు ఇచ్చాయి. ఒకే ఖర్చుతో రెండు పనులు. నది ఒడ్డున తోటలు, రోడ్లు వేయాలనీ, నగరానికి సరైన మురుగు వ్యవస్థ కావాలనీ కూడా విశ్వేశ్వరయ్య చెప్పాడు. ఇప్పటి ఉస్మానియా, హైకోర్టు, లైబ్రరీ అన్నీ ఆ వరద తర్వాత మూసీ ఒడ్డును మళ్లీ కట్టుకునే క్రమంలో వచ్చినవే.

ఆ క్రమంలోనే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు బస్తీలను తొలగించి వాటి బదులు ఇళ్లు కట్టించడం దాని పనులు. ఇలాంటి సంస్థ బొంబాయిలో 1898లోనే వచ్చింది. అది కట్టిన వాటికన్నా పడగొట్టినవే ఎక్కువని విమర్శలు మూటగట్టుకుంది. హైదరాబాద్ బోర్డు కూడా మచ్చలేనిదేమీ కాదు, రాచరికంలో బస్తీ జనాన్ని అడిగి చేసిన పనులు ఎన్ని ఉంటాయి! అయినా అది వదిలిపోయిన ఒక వస్తువును చూసి తీరాలి. చార్మినార్ వైపు వెళ్తుంటే వచ్చే పత్తర్‌గట్టీ. వరసగా రాతి కమానులు, కమానుల వెనక దుకాణాలు, మధ్యలో నడిచేవాళ్లకు నీడపట్టు. రంజాన్ మాసంలో జనం కిక్కిరిసినా, ఆషాఢంలో వాన దంచినా, ఆ కమానుల కింద ఏ కొనుగోలూ లేకుండా నిలబడొచ్చు. నిలబడ్డందుకు ఎవరూ రుసుము అడగరు. ఇవాళ కడుతున్న మాల్స్‌లో ఏసీ చల్లదనం ఉంది గానీ, గేటు దగ్గర గార్డు చూపు దాటి లోపలికి పోవడానికి హమాలీకి ధైర్యం చాలదు.

మొజంజాహీ మార్కెట్ కూడా ఆ కోవలోనిదే. 1935లో గ్రానైటు రాయితో కట్టారు. ఏళ్ల తరబడి బోర్డులు, రేకులు, తీగలతో మూసుకుపోయింది. 2018లో బాగుచేత మొదలై 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అక్కడ మెచ్చుకోవాల్సింది రాయిని కడగడం ఒక్కటే కాదు. పాత దుకాణదారులను ఖాళీ చేయించి కాఫీ షాపులకు అప్పగించకపోవడం అంతకన్నా పెద్ద విషయం. ఐస్‌క్రీం దుకాణాల ముందు ఇప్పుడు పిల్లలు పరుగెత్తే జాగా ఉంది. ఉస్మానియా పాత బ్లాకును బాగుచేయడం అసాధ్యం అనేవాళ్లు ఒకసారి అక్కడిదాకా నడిచి వస్తే మంచిది, పెద్ద దూరమేమీ లేదు.

లైబ్రరీ కథ ఇంకొంచెం సంతోషంగా ఉంటుంది. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో అఫ్జల్‌గంజ్‌లోని ఇప్పటి భవనంలోకి వచ్చింది. తాళపత్రాలు, అరుదైన ఉర్దూ, పార్శీ, తెలుగు పుస్తకాల కోసం పరిశోధకులు వస్తారు. అయితే ఎక్కువ మంది వచ్చేది ఆ పుస్తకాల కోసం కాదు. గ్రూప్స్, పోలీసు ఉద్యోగాలు, టీచర్ పోస్టులకు చదివే జిల్లాల కుర్రాళ్లు, ఆడపిల్లలు తమ పుస్తకాలు తామే సంచిలో తెచ్చుకుంటారు. లైబ్రరీ నుంచి వాళ్లకు కావాల్సింది ఒక బల్ల, ఒక ఫ్యాను, మాట్లాడకుండా కూర్చునే నలుగురి తోడు. హాస్టల్ గదిలో ఆరుగురి మధ్య చదువు సాగదు. గుమ్మటాల కింద ఎత్తైన హాలు, బయట చెట్ల నీడ, అక్కడక్కడా గట్లు. రాజుగారి దర్పం కోసం కట్టిన భవనం చివరికి రైతు బిడ్డల చదువు గది అయింది. కట్టినవాళ్లు ఊహించని వాడకానికి కూడా చోటు మిగలడం మంచి ప్లాను లక్షణం.

దీనికి తలకిందులుగా ఉన్న ఉదాహరణ కొలంబియాలో దొరుకుతుంది. మెడెయిన్ నగరంలో కొండ మీది పేదల వాడల్లో 2007లో స్పెయిన్ పేరుతో ఒక లైబ్రరీ కట్టారు. నల్లటి బండల్లాంటి దాని రూపాన్ని ప్రపంచంలోని వాస్తు పత్రికలన్నీ అచ్చేశాయి. పదేళ్లు తిరక్కముందే గోడల పలకలు ఊడిపోవడంతో మూసేయాల్సి వచ్చింది. అదే కొండకు 2004లో వేసిన కేబుల్ కార్ మాత్రం ఇవాళ్టికీ రోజూ జనాన్ని పనికి చేరుస్తోంది, ఇంటికి తెస్తోంది. మెడెయిన్‌ను ఉదాహరణగా చూపేవాళ్లు ఆ లైబ్రరీ ఫొటోతో పాటు ఈ సంగతి కూడా చెప్తే బాగుంటుంది.

బస్సు కోసం ఆగేవాళ్ల దగ్గరికి వద్దాం. నిజాం రాష్ట్రంలో ప్రభుత్వ బస్సులు 1932లో 27 బండ్లతో మొదలయ్యాయి. గౌలిగూడలో విమానాలు నిలపడానికి తయారైన ఒక పెద్ద ఇనుప హ్యాంగరు బస్‌స్టేషన్‌గా మారి తరాల పాటు పనిచేసింది. స్తంభాలు అడ్డులేని వెడల్పాటి కప్పు అది, బస్సులకూ మనుషులకూ కలిపి ఒకే గొడుగు. 2018 జూలై 5న కూలిపోయింది. అదృష్టం బాగుండి ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. దాని బాధ్యతను 1994లోనే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్, జనం నోట ఇమ్లీబన్, తీసుకుంది. పెద్దది, విశాలమైనది, ఇప్పుడు మెట్రో కూడా పక్కనే. కానీ కట్టింది మూసీ పాయల నడుమ. 2025 సెప్టెంబర్ చివర్లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు నది నేరుగా ప్లాట్‌ఫారాల మీదికి వచ్చింది. రాత్రి బస్సు కోసం కూర్చున్న ప్రయాణికులు లోపల చిక్కుకుపోయారు. నీటిని పైన ఆపాలన్న విశ్వేశ్వరయ్య సలహాను విని చెరువులు కట్టిన నగరం, ఆ చెరువులు వదిలే నీళ్లకు దారి ఉంచాలన్న సంగతి మరిచి నది నడుమ ప్రయాణికులను కూర్చోబెట్టింది.

సిటీ బస్‌స్టాపుల మాటకొస్తే, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీలో ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. అఫ్జల్‌గంజ్‌లో దాని ఫలితం కళ్లకు కడుతుంది. చీరల మూటలతో, పసిపిల్లలతో, కూరగాయల సంచులతో బయటికి వచ్చే ఆడవాళ్లు పెరిగారు. ప్రయాణం ఉచితమైంది, నిరీక్షణ మాత్రం ఎండలోనే ఉండిపోయింది. స్టాపు కప్పు పదిమందికి, జనం యాభై మంది. మిగతావాళ్లు రోడ్డు మీదికి దిగి నిలబడితే డ్రైవరు ఇంకా నడి రోడ్డున ఆపుతాడు, అప్పుడు పరుగు. చంటిబిడ్డకు పాలివ్వాలన్నా, మరుగుదొడ్డికి వెళ్లాలన్నా ఇంటికి చేరేదాకా బిగబట్టుకోవాల్సిందే. ఆస్ట్రియా రాజధాని వియన్నా 1990ల్లోనే ఆడవాళ్లు నగరంలో ఎలా తిరుగుతున్నారని అడిగి తెలుసుకుంది. పిల్లలను, ముసలివాళ్లను వెంటబెట్టుకుని కాలినడకన, బస్సుల్లో తిరిగేది ఎక్కువగా వాళ్లేనని తెలిసి ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసింది, దీపాలు, బెంచీలు పెంచింది. అందులో మనకు చేతకానిది ఏదీ లేదు. 2018లో హైదరాబాద్‌లో ఆర్భాటంగా ఏసీ బస్‌స్టాపులు తెరిచారు. వాటికి పెట్టిన శ్రద్ధలో కొంత అఫ్జల్‌గంజ్‌లో పొడవాటి రేకు కప్పు మీద, ఎత్తైన గట్టు మీద, శుభ్రంగా నడిచే మరుగుదొడ్డి మీద పెడితే చాలు.

ఆగే మనిషికి చోటివ్వడం మనకు కొత్త కాదు. తెలుగు ఊళ్లలో ఇల్లు కట్టుకున్నవాడు మామూలుగా సొంత ఖర్చుతో వీధి వైపు అరుగు వేసేవాడు. ఆ అరుగు మీద కూర్చునే బాటసారి ఎవరో ఆయనకు తెలియదు. నాంపల్లి స్టేషన్ ఎదుట నిజాం కాలంలో రాతి సరాయి కట్టింది రైలు దిగిన పరాయివాళ్ల కోసమే. అఫ్జల్‌గంజ్‌లోనే మసీదు ఆవరణలో, అశోక్ బజార్ గురుద్వారాలో ఇవాళ్టికీ అలసినవాళ్లు కాసేపు కూర్చుంటారు. సర్కారు కూడా అప్పుడప్పుడు ఈ మనుషులను గుర్తు చేసుకుంది. 2022 మేలో రోగుల సహాయకులకు 5 రూపాయల భోజనం ఉస్మానియాలోనే ప్రారంభించారు. జీహెచ్‌ఎంసీ కొన్ని ఆసుపత్రుల దగ్గర రాత్రి బస ఏర్పాటు చేసింది. మంచి పనులే. అయితే ఇవన్నీ తర్వాత అతికించినవి, అసలు ప్లానులో గీసినవి కావు. అతికించింది బడ్జెట్ తగ్గినప్పుడు మొదట ఊడుతుంది.

నది ఒడ్డును ప్రభుత్వం మళ్లీ తీర్చిదిద్దే మూసీ పునరుజ్జీవన ప్రాజెక్టులో, ప్లానులో మనుషులను మరిచిపోతారన్న భయం ఇంకా ఎక్కువ. 2024 సెప్టెంబర్‌లో చాదర్‌ఘాట్ పక్కన మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీఎక్స్ అని రాశారు. నదీగర్భంలో ఉన్న ఇళ్లని అర్థం. ఖాళీ చేసినవాళ్లకు డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు. వరద దారిలో కాపురం ప్రమాదమే, 1908 నుంచి 2025 దాకా అఫ్జల్‌గంజ్‌కు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ ఇళ్లలో ఉండేవాళ్లలో ఎక్కువ మంది బతుకు ఈ బజార్ల మీదే ఆధారపడింది. హమాలీని పదిహేను కిలోమీటర్ల అవతలికి పంపి చేతిలో తాళం పెడితే, లారీ దిగే తెల్లవారుజామున అతను బేరం దగ్గర ఉండలేడు. ఇంటి వైశాల్యంతో పాటు పనికి దూరం కూడా పునరావాస పత్రంలో రాయాలి.

ఇప్పుడు ఉస్మానియాకు కొత్త ఇల్లు వస్తోంది. 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. రెండు వేల పడకల ఆసుపత్రి అంటున్నారు. అంటే మంచానికి ఇద్దరు ముగ్గురు చొప్పున రోజూ నాలుగు నుంచి ఆరు వేల మంది తోడు మనుషులు, అది ఎవరైనా వేళ్ల మీద వేసుకోగల లెక్క. వాళ్లకు స్నానాల గది ఉందా, బట్టలు ఉతికి ఆరేసుకునే డాబా ఉందా, వండుకునే చోటు ఉందా, రాత్రి పడుకున్న ఆడవాళ్లకు దీపం, కాపలా ఉన్నాయా అన్నవి బడ్జెట్ మిగిలితే చూసుకునే విషయాలు కావు. అవి ఆపరేషన్ థియేటర్ల వరసలోనే, చదరపు అడుగులతో సహా ప్లానులో ఉండాలి. ఆ ప్లాను కాగితాన్ని ఓపీ కౌంటరు దగ్గర గోడకు తగిలించి, ఆసుపత్రికి వచ్చేవాళ్ల చేత తప్పులు పట్టించాలి. నర్సులకూ వార్డు బాయ్‌లకూ ఇంజినీర్లకు తెలియని సంగతులు చాలా తెలుసు.

తాళం వేసిన పాత బ్లాకుకు కూడా ఆ పనిలో భాగం ఉంది. దాన్ని మ్యూజియం చేస్తామనో, పర్యాటక కేంద్రం చేస్తామనో రేపు ఎవరో ఒకరు అనకపోరు. అంతకన్నా ముందు కప్పు, కాలువ బాగుచేసి, కింది అంతస్తు వరండాలను రోగుల బంధువుల బసగా తెరిస్తే గోషామహల్ పూర్తయ్యేలోపే ఈ పేటకు ఒక ఉపశమనం దొరుకుతుంది. మొజంజాహీ మార్కెట్‌ను రెండేళ్లలో నిలబెట్టిన పనివాళ్లు, సున్నం కలిపే మేస్త్రీలు ఈ ఊళ్లోనే ఉన్నారు. టెండరు పిలవడానికి వచ్చే వానాకాలం దాకా ఆగాల్సిన కారణం కనిపించదు.